ఊరికే

ఆ తేగ ఇటు తే బుజ్జీ, చీల్చి ఇస్తాను. మరీ నిప్పుల్లోకి తోసేశావు, పైన మాడింది. ఫరవాలేదులే, లోపల బాగానే ఉంటుంది. ఇదిగో, మధ్యలో తెల్లగా పుల్లలా ఉంది చూశావా, దీన్నే చందమామ అంటాం. అది నీది. మిగతాది అన్నయ్యకివ్వు.

మీ అన్నయ్య పొద్దుటినించీ వాడి గేర్ల సైకిలు కబుర్లే చెబుతున్నాడు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారట. నెత్తిన సోలార్ పలకలు, వాటి నీడలో తొక్కుకుంటూ పోవడమేనట. ఆదివారం తెల్లారకుండానే లేచి వెళ్తాడట. "ఎక్కడికిరా?" అంటే ఎక్కడికీ కాదట. "ఊరికే తాతయ్యా, బావుంటుంది" అన్నాడు. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నించీ నాకు మన కాలవగట్టే కళ్ల ముందు తిరుగుతోంది. ఇంకో రెండు డొక్కలు మంటలో వెయ్యండి. మీ బామ్మ పిలిచేలోపు చెప్పేస్తాను.

నా చిన్నప్పుడు మన ఊళ్లో సైకిళ్లు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు సరిపోయేవి. పోస్టుమానుకొకటి, బడి మేష్టారికొకటి, మందులిచ్చే డాక్టరుగారికొకటి, అమలాపురం నించి బట్టల మూట కట్టుకొచ్చే ఆయనకొకటి. ప్రతి సైకిలుకీ ఒక పని ఉండేది. చైను చప్పుడు వింటే చాలు, ఎవరొచ్చారో, దేనికొచ్చారో అరుగు మీద కూచున్నవాళ్లకి తెలిసిపోయేది. పని లేని సైకిలనేది మన ఊరెరగదు.

నేను పదో ఏట నేర్చుకున్నాను. 1957. ఆ ఏడు ఏప్రిల్లోనే నయాపైసలొచ్చాయి. అద్దె సైకిలు గంటకి రెండణాలు. కొత్త లెక్కలో అది పన్నెండు పైసలా, పదమూడా అని షాపాయనకీ మాకూ రోజూ తగువే. పన్నెండే ఇచ్చి పరిగెత్తేవాళ్లం. సీటెక్కితే కాళ్లందవు కదా, కడ్డీ సందులోంచి కుడికాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేవాళ్లం. మోకాలి చిప్ప మీద ఈ మచ్చ చూడు, అప్పటిదే. గడియారం ఒక్క షాపాయన దగ్గరే ఉండేది కాబట్టి, గంటంటే ఎంతో ఆయన చెప్పిందే లెక్క. అందుకని ఆ గంటలో ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోవడమే మాకు తెలిసింది. చుట్టూ చూడ్డం ఎక్కడిది? చూపంతా ముందు చక్రం మీదే.

సొంత సైకిలు అమలాపురం కాలేజీలో చేరినప్పుడు వచ్చింది. మా నాన్న ధాన్యం అమ్మి కొన్నాడు. నల్లటి హెర్క్యులిస్, వెనక వెడల్పాటి క్యారేజీ, చైనుకి నిండా కవరు, ముందు చక్రానికి డైనమో. రాత్రిపూట దీపం లేకుండా తొక్కితే పోలీసులు పట్టుకునేవారు. ఇద్దరెక్కినా పట్టుకునేవారు. ఏటా పన్ను కట్టి బిళ్ల తెచ్చి సైకిలుకి బిగించాలి. శనివారం సాయంత్రం ఇంటికి రావడం, సోమవారం పొద్దున్నే బియ్యం, పచ్చళ్లు కట్టుకుని గదికి పోవడం, ఆ సైకిలుకి మా నాన్న చెప్పిన పని అది. అంతకుమించి చక్రం తిరిగితే టైర్లు అరుగుతాయనేవాడు.

అలాంటి మనిషి దగ్గరికెళ్లి, నాన్నా, సంక్రాంతి సెలవుల్లో అంతర్వేది దాకా సైకిలు మీద వెళ్లొస్తాం అన్నాను. 1966 జనవరి.

"ఏం, అక్కడ మొక్కేమన్నా ఉందా?"

"లేదు."

"తీర్థమా? ఇంకా మాఘమాసం రాలేదే."

"తీర్థానికి కాదు."

"మరెందుకు?"

నాకేం చెప్పాలో తెలియలేదు. కాలువ ఎక్కడ పుట్టి ఎక్కడికెళ్తుందో చూద్దామని, దారిలో ఉన్నవన్నీ చూద్దామని... ఇవన్నీ మనసులో ఉన్నాయి గానీ నోటికి రాలేదు. "ఊరికే" అన్నాను. ఆయన కాసేపు నా వంక చూసి, "భోగి మంట వేసేసరికి ఇంట్లో ఉండాలి" అని మాత్రం అన్నాడు. అది అనుమతో కోపమో ఇప్పటికీ చెప్పలేను. మా అమ్మ అప్పటికే అరిసెల పాకం పడుతోంది. ఒక డబ్బా నిండా అరిసెలు, జంతికలు సర్ది, పైన చద్దిమూట కట్టింది.

ముగ్గురం బయల్దేరాం. నేను, మా మేనమామ కొడుకు, ఇంకొకడు ఆ అద్దె సైకిళ్ల షాపాయన కొడుకు. వాడు లేకపోతే ఈ ప్రయాణమే లేదు. గాలి పంపు, స్పానర్లు, సొల్యూషన్ ట్యూబు, పాత ట్యూబు ముక్కలు, అన్నీ వాడి సంచిలోనే.

సోమవారం, జనవరి 10. మంచులో బయల్దేరాం. గట్టు మీద నిద్రగన్నేరు చెట్లు, వాటి ఆకుల్నించి టప్ టప్‌మని మంచు నెత్తి మీద పడుతుంటే, పక్కనే కాలువ పొగలు కక్కుతూ ఉంది. ముందుగా కాలువకి ఎదురు వెళ్లాం. లొల్ల లాకులు చూడాలని నా కోరిక.

మీరు కార్లో ఆ పక్కనుంచే వచ్చారు నిన్న. చూశారా? చూసుండరు, కారు ఆపలేదుగా. బొబ్బర్లంక నుంచి వచ్చే పెద్ద కాలువ లొల్ల దగ్గర చీలుతుంది. ఒక పాయ అమలాపురం వైపు, ఒక పాయ గన్నవరం వైపు. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా కట్టాడు. అంతకుముందు నందన కరువులో ఇదే గోదావరి పక్కన, నీళ్లు కళ్లెదుటే సముద్రంలోకి పోతుంటే, జనం తిండిలేక చచ్చిపోయారని మా తాత వాళ్ల తాత నోట విన్నదిగా చెప్పేవాడు. ఆనకట్ట కట్టాక నీళ్లు పొలాలకే కాదు, పడవలకీ దారయ్యాయి. నీటి మట్టం ఎగువన ఎత్తుగా, దిగువన పల్లంగా ఉంటుంది గదా, పడవ ఎలా దిగుతుంది? అందుకే లాకులు.

మేం వెళ్లేసరికి ధాన్యం బస్తాల పడవ ఒకటి లోపలికొస్తోంది. మీ అన్నయ్య లిఫ్టు అంటాడే, అచ్చం అంతే, కాకపోతే నీళ్ల లిఫ్టు. రెండు జతల తలుపులు, మధ్యలో రాతి గోడల తొట్టిలాంటిది. పడవ తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూశారు. లాకులు చూసే లస్కరు ముందు తలుపు కింది తూము ఎత్తాడు. గుబగుబమని నీళ్లు దిగువకి పోతుంటే పడవ మెల్లిమెల్లిగా కిందికి దిగిపోతోంది. పడవలో ఒకావిడ పొయ్యి మీద అన్నం వండుతోంది. మొదట ఆవిడ మా కళ్లకి ఎదురుగా ఉంది. కాసేపటికి మేం వంగి చూడాల్సొచ్చింది. గంజి వారుస్తూనే ఉందావిడ, ఒక్కసారి కూడా తలెత్తలేదు. గోడ రాళ్లకి పట్టిన నాచు తడిసి మెరుస్తూ, అడుగడుగునా పైకి తేలుతోంది. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ సమానం కాగానే ముందు తలుపులు వాటంతటవే వదులైనట్టు తెరుచుకున్నాయి. ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగుతుంటే పడవ మన కాలువలోకి వచ్చేసింది.

ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆ వేళ మా ముగ్గురి దగ్గరా గడియారం లేదు.

లస్కరు మమ్మల్ని చూసి, "ఎక్కడికండీ బాబూ, ఏం పని మీద?" అన్నాడు. ఆ మూడు రోజుల్లో ఆ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఊరికే చూద్దామని వచ్చామంటే నమ్మలేదాయన. ఎవరింటికైనా శుభలేఖ తెచ్చారేమో, చెప్పకూడని సంగతేమో అనుకున్నట్టున్నాడు. నమ్మకపోయినా మా చద్దిమూటలోకి రెండు పచ్చిమిరపకాయలూ ఉల్లిపాయా ఇచ్చాడు.

అక్కణ్ణించి ర్యాలి దగ్గరే. గుళ్లోకి వెళ్లేసరికి పూజారిగారు దీపం పట్టుకుని, "ముందు నించి చూశారుగా, ఇప్పుడు వెనక్కి రండి" అన్నారు. అన్ని గుళ్లలోనూ ముందు నించి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం. ర్యాలిలో మాత్రం వెనక్కి వెళ్లకపోతే సగమే చూసినట్టు. ఒకే రాయి. ముందు నించి కేశవస్వామి, వెనక నించి జగన్మోహిని. నల్లరాతి మీద జడ, దాని కొప్పు, వీపు వంపు, దీపం కదిలితే కదిలినట్టుండేవి. స్వామి పాదాల దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతుందని పూజారిగారు వేలితో తడి తీసి చూపించారు. రోజూ వందమందికి చెప్పే మాటే అయ్యుంటుంది, మాకు మాత్రం మొదటిసారి చెబుతున్నంత ఓపిగ్గా చెప్పారు. ఆ తర్వాత వాడపల్లి వెళ్లాం, వెంకన్న గుడిలో ఆనాడు మేమూ, ఒక ముసలాయనా తప్ప ఎవరూ లేరు. ఇప్పుడు శనివారం వస్తే అక్కడ కాలు పెట్టే సందుండదు.

తర్వాత గన్నవరం కాలువ పట్టుకుని దిగాం. ఇక నీళ్లు పోయే వైపే మా దారీ. ఎక్కడికెళ్లాలో ఎవరినీ అడగక్కర్లేదు. ఒక పక్క కొబ్బరి తోటలు, ఒక పక్క కోతలైపోయిన చేలు, చేలల్లో కుప్పలు, కళ్లాల్లో పశువుల్ని తిప్పి నూర్పులు. లకుముకి పిట్ట ఒకటి మాతోపాటే వచ్చింది. మేం దగ్గరికి రాగానే ఎగిరి నాలుగు చెట్ల అవతల కొమ్మ మీద కూచునేది. మళ్లీ దగ్గరికెళ్తే మళ్లీ ఎగిరేది. అలా ఒక మైలు దూరం మమ్మల్ని ఆడించింది. నడిచేవాడికి ఆ పిట్ట మరీ దూరం. బస్సులో పోయేవాడికి అసలు కనబడదు. సైకిలు వేగానికీ దాని వేగానికీ ఎక్కడో లంకె కుదిరింది.

అంతలో మా బావ సైకిలు వెనక చక్రం చతికిలబడింది. తుమ్మముల్లు. ఒరే పెద్దోడా, నువ్వు ట్యూబు మొత్తం మార్చేస్తానన్నావు చూడు, పంచరెలా వేస్తారో చెబుతాను విను. చక్రం ఊడదీయక్కర్లేదు. షాపాయన కొడుకు సైకిల్ని తలకిందులుగా నిలబెట్టాడు. గరిటె కాడతో టైరు అంచు లేపి ట్యూబు బయటికి లాగాడు. గాలి కొట్టి, గట్టు దిగి, ట్యూబుని కాలువలో ముంచుతూ జరుపుతుంటే ఒకచోట చిన్న చిన్న బుడగలు వరసగా లేచాయి. అక్కడ వేలు పెట్టి పట్టుకున్నాడు. తుడిచి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూశాడు. మేం తొందరపడితే "ఆగండెహె, మెరుపు పోవాలి" అన్నాడు. పూసిన జిగురు మీద మెరుపు పోయి మసకబారాకే ముక్క అతికించాలి. తడిగా ఉండగా అతికిస్తే నాలుగు మైళ్లు కూడా నిలవదు. అతికించి, రాయి మీద పెట్టి సుత్తితో తట్టాడు. అయిపోయిందనుకున్నాం. లేదు, టైరు లోపల వేళ్లతో చుట్టూ తడిమి, ఇంకా అందులోనే ఉన్న ముల్లు మొన పట్టి లాగి మా అరచేతిలో పెట్టాడు. దాన్ని తియ్యకుండా ట్యూబు ఎక్కిస్తే మళ్లీ పంచరే. పని తెలిసిన చేతులు చూడ్డం కూడా ఒక యాత్రే అనిపించింది నాకు.

పి.గన్నవరం చేరేసరికి చీకటి పడింది. ఎవరో తెలియని ఇంటి అరుగు మీద పడుకోవచ్చా అని అడిగాం. ఆ రోజుల్లో అలా అడగడం తప్పు కాదు. ఆ ఇంటాయన, మా నాన్నకంటే పెద్దవాడు, "భోంచేశారా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ రోజు సోమవారం.

మీకు తెలియదు గదా. అంతకుముందు ఏడు, 1965లో, పాకిస్తానుతో యుద్ధం. దేశంలో తిండిగింజలకి కటకట. ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికి ఒక్క పూట, సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్నంతా అడిగారు. మన కోనసీమలో గాదెలు నిండుగా ఉన్నా మా నాన్న సోమవారం రాత్రి కంచం ముట్టేవాడు కాదు. ఎవరో ఎగతాళి చేస్తే, "ఆయన అడిగాడు, మనం వినాలి" అన్నాడు. ఈ ఇంట్లోనూ అంతే, సోమవారం పొయ్యి రాజెయ్యరు. సంగతి తెలిసి మేం, మాకూ వద్దండీ, అరిసెలున్నాయి అన్నాం.

లోపల్నించి పెద్దావిడ వచ్చింది. "డొక్కా సీతమ్మగారు తిరిగిన నేల నాయనా ఇది. దారినపోయే పిల్లల్ని పస్తు పడుకోబెట్టామంటే ఆవిడ ఊరుకుంటుందా?" అని అప్పటికప్పుడు పొయ్యి అంటించింది. సీతమ్మగారు ఆ లంకల గన్నవరంలోనే ఉండేవారు. ఏ వేళప్పుడు ఎవరొచ్చినా, గోదావరి దాటి వచ్చినా, అన్నం పెట్టి పంపేవారు. 1909లో పోయారు. మేం వెళ్లేసరికి అర్ధశతాబ్దం దాటిపోయినా, ఆ ఊళ్లో ఆవిడ నిన్నో మొన్నో పక్కింటికి వెళ్లినట్టే చెప్పుకునేవారు. వేడన్నం, పనసపొట్టు కూర, పెరుగు. వడ్డించినవాళ్లు మాత్రం ఆ రాత్రి తినలేదు. మేం తింటుంటే ఆయన పక్కన పీట వేసుకుని కూచుని, తాష్కెంటులో సంతకాలయ్యాయట, ఇక యుద్ధం ఉండదట అని సంతోషంగా చెప్పాడు.

తెల్లారి లేచేసరికి వీధిలో మాటల్లేవు. పంచాయతీ రేడియో దగ్గర జనం నిలబడి ఉన్నారు. శాస్త్రిగారు రాత్రి తాష్కెంటులోనే పోయారు. 1966 జనవరి 11, మంగళవారం. రేడియో చెప్పిందే చెబుతుంటే ఆ ఇంటాయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. శాస్త్రిగారు అడిగిన మాటకి కట్టుబడి ముందురోజు రాత్రి తినకుండా పడుకున్న మనిషి. పొద్దున్న కూడా తినలేదు. మేం ఇంటికి తిరిగి వెళ్లిపోదామనుకున్నాం. వెళ్లిపోతామంటే పెద్దావిడ, "ఇంతదూరం వచ్చి చూడకుండా పోవడమెందుకు, చూసి వెళ్లండి" అంది.

అందుకే గన్నవరం అక్విడక్టు అంటే నాకు ఆ పొద్దుటి నిశ్శబ్దమే గుర్తుంటుంది. కింద వైనతేయ గోదావరి, దాని మీదుగా రాతి కమానుల మీద కాలువ. నది మీంచి నది పోతున్నట్టు. అవతల నగరం లంకకి నీళ్లు అందాలంటే నదిని దాటించాలి గదా, కాటన్ దొర కాలంలోనే కట్టారు. సైకిళ్లు నడిపించుకుంటూ పోతుంటే ఒక పక్క చెయ్యి చాపితే అందేంత దగ్గరగా కాలువ, ఇంకో పక్క ఎంతో లోతున ఇసుక తిన్నెలు. ఇసుకలోకి దిగి ముగ్గురం కమానులు లెక్కపెట్టాం. నాకు నలభై ఎనిమిది వచ్చాయి, మా బావకి యాభై. బట్టలుతుక్కుంటున్న ఒకాయన, "నలభై తొమ్మిదండీ, నా చిన్నప్పట్నించీ లెక్కపెడుతున్నా" అన్నాడు. ఆయనదే నిజం. ఇప్పుడు పక్కనే కొత్త అక్విడక్టు కట్టారు, దానికి సీతమ్మగారి పేరే పెట్టారు. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఆ రాత్రి అన్నం కంచం గుర్తొస్తుంది.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. ఆ రోజు దుకాణాలు మూసేశారు, టీ నీళ్లు కూడా దొరకలేదు. అమ్మ అరిసెలే ఆదుకున్నాయి. సాయంత్రానికి అంతర్వేది. స్వామి దర్శనం చేసుకుని సముద్రం వైపు వెళ్లాం. ఇసుకలో చక్రాలు సగం దాకా దిగబడిపోతే సైకిళ్లు భుజాన వేసుకున్నాం. ధవళేశ్వరం దగ్గర చీలిన వశిష్ఠ గోదావరి అక్కడ సముద్రంలో కలిసిపోతుంది. అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు ఆ కలిసేచోటుని. ఒక పక్క నీళ్లు మట్టిరంగు, ఒక పక్క నీలం, మధ్యలో నురగ గీత. ముందురోజు పొద్దున్న లొల్లలో తొట్టిలోంచి గుబగుబమని దిగిన నీళ్లలో ఓ గుక్కెడైనా ఇక్కడికి చేరి ఉంటుందా అని అడిగాడు షాపాయన కొడుకు. ముగ్గురం చాలాసేపు ఆ లెక్కే వేస్తూ ఇసుకలో పడుకున్నాం.

తిరుగు దారిలో చెప్పుకోవలసింది ఏమీ లేదు, ఎదురుగాలి తప్ప. పన్నెండో తారీఖు రాత్రికి ఇంట్లో ఉన్నాం. మా నాన్న ఒకటే అడిగాడు, "ఏం చూశార్రా?" అని. ఏం చెప్పను? "నీళ్లు" అన్నాను.

"నీళ్లు చూడ్డానికి అంత దూరమెందుకు, మన బోదెలో లేవూ?"

మర్నాడు తెల్లవారుజామున భోగి మంట దగ్గర, శాస్త్రిగారి కోసం ఆ ఏడు పండగ చప్పుడు తగ్గించారు మన వీధిలో. మా నాన్న మంటలోకి చూస్తూ నిలబడ్డాడు, నేను గన్నవరం ఇంటి సంగతి చెప్పాను. "వాళ్లు తినకుండా మీకు పెట్టారన్నమాట" అన్నాడు. ఆ తర్వాత నేను సైకిలు తీస్తే ఎక్కడికని అడగడం తగ్గించాడు.

ఉండు, మీ బామ్మ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఊరుకోదు. 1974లో కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య కొత్త వంతెన వచ్చింది. కింద రైలు, పైన రోడ్డు. మాకప్పటికి పెళ్లై రెండేళ్లు. రాజమండ్రిలో మా అక్కగారింటికి వెళ్లి, బావగారి సైకిలు అడిగి తీసుకుని, మీ బామ్మని వెనక కూచోబెట్టుకుని బయల్దేరాను. సాయంత్రం ఎండ నీళ్ల మీద పరుచుకుని ఉంది. వంతెన మధ్యకి వెళ్లేసరికి హ్యాండిలు సన్నగా వణకడం మొదలుపెట్టింది. బేరింగు పోయిందేమోననుకుని దిగాను. చేతి కింద ఇనుప కటకటాలు కూడా వణుకుతున్నాయి. తర్వాత చప్పుడొచ్చింది. కింద రైలు! మా పాదాల కిందనుంచి రైలు పోతోంది. మీ బామ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, కిందికి వంగి, ఆఖరి పెట్టె పోయేదాకా చూసింది. "ఇంకోటి ఎప్పుడొస్తుంది?" అంది. ఇంకోటి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాం. అక్కగారింట్లో వంట చల్లారిపోయింది. చీకటి పడ్డాక ఇద్దరం సైకిలెక్కకుండా నడిచొచ్చాం, పోలీసులకి భయపడి కాదు, ఆవిడకి ఇంకా నది చూడాలనుంది.

ఆఁ, వస్తున్నాం! ఐదు నిమిషాలు!

ఇంకొక్కటి చెప్పి లేస్తాను.

మా నాన్న డెబ్భై దాటాక పొలం పని మానేశాడు. అప్పుడు ధవళేశ్వరంలో పాత ఆనకట్ట దగ్గర కొత్త బ్యారేజీ పని జరుగుతోంది. ఆయన అరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్లని చూసేవాడు. ఒకనాడు మధ్యాహ్నం నేను సైకిలు తుడుచుకుంటుంటే వచ్చి నిలబడి, "ఒరే, ఆ లాకులు ఎంత దూరం?" అన్నాడు.

"లొల్లా? ఏం పని నాన్నా అక్కడ?"

ఆయన జవాబు చెప్పలేదు. గొంతు సవరించుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నేళ్లూ ఆయన నన్ను అడిగిన ప్రశ్నే నేను ఆయన్ని అడిగాను. దుప్పటి మడిచి క్యారేజీ మీద వేశాను. పక్కకి తిరిగి కూచుని, ఒక చేత్తో నా సీటు కింద పట్టుకున్నాడు.

యాభై ఏళ్లు ఆ కాలువ నీళ్లతో వ్యవసాయం చేసిన మనిషి. రాత్రిళ్లు లాంతరు పట్టుకుని వంతు నీళ్ల కోసం కాపలా కాశాడు. బోదె గట్టు మీద పార పట్టుకుని అన్నదమ్ములతో మాటా మాటా అనుకున్నాడు. రెండేళ్లు పెదనాన్నతో మాటల్లేవు, గంటసేపు నీళ్ల కోసం. ఆ నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయో ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. చూడ్డానికి పని ఉండాలి కదా.

లాకుల దగ్గర దిగాక నెమ్మదిగా నడిచాడు. రాతి గోడ మీద చెయ్యి ఆనించి లోపలికి చూశాడు. లస్కరు మారిపోయాడు, ఇంకెవరో కుర్రాడు. "ఏం పని మీదొచ్చారండీ?" అన్నాడు.

"ఊరికేనండీ," అన్నాడు మా నాన్న. "మా చేలోకొచ్చే నీళ్లు ఇందులో ఏవి?"

కుర్రాడు చేత్తో చూపించాడు. మా నాన్న చెప్పులు విడిచి, మెట్లు దిగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని మొహం కడుక్కున్నాడు. మళ్లీ ముంచి ఆ దోసిలి అలాగే చాలాసేపు పట్టుకున్నాడు, నీళ్లన్నీ వేళ్ల సందుల్లోంచి కారిపోయేదాకా. పడవ ఎలా దిగుతుందో నేను చెప్పింది గుర్తుందేమో, "పడవేదన్నా వస్తుందేమో చూసెళ్దాం" అన్నాడు. అప్పటికి లారీలొచ్చేశాయి, పడవలు తగ్గిపోయాయి. చీకటి పడేదాకా కూచున్నాం. పడవ రాలేదు.

తిరిగొస్తుంటే డైనమో వేశాను. ఇంట్లో ఎదురుచూస్తుంటారని కాస్త గట్టిగా తొక్కుతున్నాను. వెనక నించి నా వీపు మీద తట్టాడు.

"మెల్లిగా తొక్కరా," అన్నాడు.